విప్పే ముందు బండిని చదవండి

(చిత్తూరులో ఐటీఐ విద్యార్థుల ముందు ఒక ట్రాక్టరు మెకానిక్ చేసిన ప్రసంగం. మాట్లాడింది మాట్లాడినట్టే ఎక్కించిన పాఠం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో ఉండే పిల్లలు కొంచెం పక్కకు జరగండి నాయనా, వెనకాల వాళ్లకు బండి కనబడాల. ఆ, చాలు.

దీన్ని మన పక్క టిల్లరంటాము. రెండు చక్రాలు, పొడుగు హ్యాండిలు, ముందర ఒంటి సిలిండరు డీజిలింజను, వెనక మట్టి తిప్పే కత్తులు. 1967లో బెంగళూరులో మొదలైన వీఎస్టీ కంపెనీ, జపాను మిత్సుబిషితో ఒప్పందం చేసుకుని తయారు చేసిన రకం. బంగారుపాళ్యం అవతల ఒక మామిడి తోపులో చింతచెట్టు కింద పదకొండేండ్లు పడి ఉండింది. చక్రాలు సగం మట్టిలో దిగబడినాయి. సైలెన్సరు మూత ఎప్పుడో ఊడిపోయింది, వాన నీళ్లు నేరుగా లోపలికే. పాత ఇనుము కొనేవాళ్లు రెండు మూడు తూర్లు వచ్చి అడిగినారంట. ఆ ఇంటి అవ్వ ఇవ్వలేదు. "మీ తాత తోపంతా దున్నిన బండిరా, దాన్ని కేజీల్లెక్కన తూకం వేసి ఇస్తానా" అనిందంట. అప్పుడు మనవడు నా దగ్గరికి వచ్చినాడు.

నేను ముప్పై ఎనిమిదేండ్లుగా ఈ పని చేస్తా ఉండాను. మా నాయన గానుగలకు ఆయిలింజన్లు బాగు చేసేవాడు, ఆయన దగ్గరే నేర్చుకున్నా. ఈరోజు మీకు ముఖ్యంగా ఒక మాట చెప్పిపోదామని వచ్చినా. స్పానరు పట్టుకునే ముందు బండిని చదవండి. ఎక్కడ అరిగింది, ఎక్కడ అరగలేదు, ఎక్కడ ఎవరో తీగ చుట్టినారు, ఎక్కడ నట్టు కొత్తగా మెరుస్తా ఉంది, ఇవన్నీ రాతలే. ఆ రాత చదవకుండా సామాను మారిస్తే, పాతదాన్ని తినేసిన జబ్బు కొత్తదాన్ని కూడా తింటాది.

ఈ బండిలో నేనేం చదివినానో చెప్తా, వినండి. హ్యాండిలు కింద రెండు పక్కలా రెండు పిడులు ఉండాయి చూడండి. ఎడమ పిడి నొక్కితే ఎడమ చక్రానికి ఇంజను బలం ఆగిపోయి, బండి ఎడమకు తిరుగుతాది. గేరుబాక్సు విప్పి చూస్తే ఎడమ పక్క క్లచ్ పళ్లు గుండ్రంగా అరిగిపోయినాయి, కుడి పక్కవి దాదాపు కొత్తవాటి మాదిరే ఉండాయి. అంటే ఆ తాత ఎప్పుడూ చెట్టు చుట్టూ ఎడమకే తిప్పినాడు. మనవణ్ణి అడిగితే నిజమే అన్నాడు. తోపుకు కుడి పక్కన బావి ఉందంట, అటువైపు తిప్పాలంటే ఆయనకు భయం. అవసరమైన సామాను ఒక పక్కదే. అది తెలియకపోతే రెండు పక్కలవీ కొని, డబ్బులు దండగ చేసి ఉంటాము.

ఈ పిడుల గురించి ఇంకొక సంగతి చెప్పాల, టిల్లరు నడిపే ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సింది. సమతల నేల మీద ఎడమది నొక్కితే ఎడమకు తిరుగుతాది. బండి వాలులో దిగేటప్పుడు అదే ఎడమది నొక్కితే కుడికి తిరుగుతాది. ఎందుకు? దిగేటప్పుడు ఇంజను బండిని లాగడం లేదు, పట్టి ఆపుతా ఉంది. ఎడమ పిడి నొక్కగానే ఎడమ చక్రానికి ఆ పట్టు వదిలిపోతాది, అది స్వేచ్ఛగా ముందుకు ఉరుకుతాది, బండి మూతి కుడికి పోతాది. మన పక్క తోటలు చాలావరకు గుట్టల వాలుల్లోనే ఉండాయి. గట్టు మీది నుంచి దింపేటప్పుడు పిడి నొక్కకుండా, వేగం బాగా తగ్గించి, హ్యాండిలు పట్టి మళ్లించుకోవాల. బాగు చేసిన బండి తిరిగి ఇచ్చే రోజు నేను ఈ మాట చెప్పకుండా తాళ్లు విప్పను.

రెండో రాత సిలిండరులో దొరికింది. హెడ్డు, అంటే సిలిండరు పై మూత తీసినాక, లైనరు, అంటే పిస్టను ఆడే లోపలి గొట్టం, దాని లోపల వేలిగోరు పెట్టి పైకి లాగండి. పిస్టను పై రింగు ఆగే చోట గోరుకు ఒక అంచు తగులుతాది. రింగులు తిరిగినంత మేర లైనరు అరుగుతాది, దాని పైన అరగదు, ఆ తేడానే ఆ అంచు. ఇందులో అంచు చాలా లోతుగా ఉండింది. ఇంత అరుగుదల ఎట్లా వచ్చింది? ఎయిర్ క్లీనరు గిన్నె తీసి చూసినా. అది ఆయిలు గిన్నె రకం. గాలి ఆయిలుకు తగిలి పోతే దుమ్ము అక్కడే అంటుకుంటాది. గిన్నెలో ఆయిలు లేదు, గట్టిపడిన ఎర్రమట్టి ఉండింది. మన ఎర్రనేల దుమ్ము ఎట్లాంటిదో మీకు తెలుసు, కార్తెకు ముందు దున్నేటప్పుడు మనిషే కనబడడు. ఆ దుమ్మంతా సిలిండరులోకి పోయి, రింగులకూ లైనరుకూ మధ్య ఉప్పుకాగితం మాదిరి పని చేసింది. కొత్త లైనరు, కొత్త పిస్టను వేసి, ఆ గిన్నె మాత్రం అట్లే వదిలేసి ఉంటే రెండేండ్లలో మళ్లీ నా దగ్గరికే వచ్చి ఉండేది.

మూడోది నీళ్ల దారి. ఇంజను చుట్టూ నీళ్లు తిరిగే సందులో తెల్లగా సున్నం పేరుకుపోయింది. కొన్ని చోట్ల వేలు కూడా దూరనంత. మనం పోసేది బోరు నీళ్లు. ఇంట్లో నీళ్లు కాచే బిందె అడుగున తెల్లటి పొర కడతాది చూడండి, అదే ఇది. ఆ పొర ఉంటే ఇంజనులోని వేడి, నీళ్లలోకి పోదు, ఇంజను లోపల్లోపల ఉడికిపోతాది. నిమ్మ ఉప్పు వేడి నీళ్లలో కలిపి పోసి, ఒక పూట ఉంచి, పారబోసి, మళ్లీ పోసి, అట్లా నాలుగు తూర్లు చేస్తే కరిగి వచ్చింది. ఉలితో గీకితే లోపలి గోడ దెబ్బతింటాది, ఆ పని చేయొద్దు. ఇకమీదట వాన నీళ్లు పట్టి పోయమని మనవడికి చెప్పినా.

ఇప్పుడు పట్టేసిన ఇంజను సంగతి. ఇక్కడ నేను ఒక తప్పు చేసినా, ఇరవై ఏండ్ల వయసులో. చెప్పుకోవడానికి ఇప్పటికీ కష్టంగా ఉంటాది, అయినా మీరు వినాల.

సంక్రాంతికి ముందు గానుగలు ఆడే కాలం. ఒక రైతు గానుగ ఇంజను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. చెరుకు కొట్టి పెట్టేసినాడు, కొట్టిన చెరుకు ఆగదు. మా నాయన ఊళ్లో లేడు. నేను హెడ్డు విప్పి, పిస్టను మీద చెక్క ముక్క పెట్టి సమ్మెటతో కొట్టినా. పిస్టను కదిలింది. కదిలిందనుకున్నా. లైనరు పగిలి దాంతో పాటు వచ్చింది. రెండో రోజు మా నాయన వచ్చి చూసినాడు. నన్ను ఒక్క మాట అనలేదు. బస్సెక్కి మద్రాసు పోయి, పుదుపేటలో పాత లైనరు వెతికి, సొంత డబ్బుతో తెచ్చి వేసినాడు. ఆ మధ్య రోజుల్లో ఆ రైతు చెరుకు ఎండిపోయింది. ఆ తూరి ఆయన బెల్లం పెట్టలేదు. ఆ తర్వాత ఏ ఇంజను మీదా నేను సమ్మెట ఎత్తలేదు.

పట్టేసిన ఇంజనుకు మందు ఓపిక. ఒక పాలు డీజిలు, ఒక పాలు పవర్ స్టీరింగు ఆయిలు కలిపి సిలిండరులో పోసి నాననిస్తాము. అయితే ఈ టిల్లరింజను పడుకున్న ఇంజను, సిలిండరు అడ్డంగా ఉంటాది. అట్లే పోస్తే నూనె కింది గోడ మీదే నిలుస్తాది, పై గోడ పొడిగా ఉండిపోతాది, రింగులు సగం నానుతాయి, సగం నానవు. అందుకని ఇంజనును చాసీ నుంచి దించి, హెడ్డు పక్క ఆకాశం చూసేట్టు దిమ్మెల మీద నిలబెట్టినాము. పోసిన నూనె రింగుల చుట్టూ సమంగా నిలిచింది. పొద్దున ఒక తూరి, సాయంత్రం ఒక తూరి ఫ్లైవీలును, అంటే ఇంజను పక్కనుండే బరువు చక్రాన్ని, రెండు చేతులతో పట్టి అటు కొంచెం, ఇటు కొంచెం ఆడించినాము. చేతులతోనే. గడ్డపారతో వద్దు, పైపు తగిలించి వద్దు. తొమ్మిది రోజులు ఏమీ లేదు. పదో రోజు వేలెడంత కదిలింది. మా వర్క్‌షాపులో పిల్లోడు అరిచిన అరుపుకు పక్క కొట్టు వాళ్లు పరిగెత్తుకొచ్చినారు.

(ఒక విద్యార్థి ప్రశ్న: ఇట్లాంటి పాత చిన్న బండ్లను బయట దేశాల్లో కూడా బాగు చేస్తారా సార్?)

చేస్తారు నాయనా, చాలా మక్కువతో. అమెరికాలో గార్డెన్ ట్రాక్టరు అని ఒక జాతే ఉంది. ఇంటి వెనక పెద్ద పెరడు, కూరగాయల మడి, చలికాలంలో మంచు తోయడం, వీటికి పనికొచ్చే చిన్న బండ్లు. గ్రేవ్లీ అని ఒకాయన, వృత్తి ఫొటోలు తీయడం, ఇండియన్ అనే కంపెనీ పాత మోటారు సైకిలు భాగాలతో తన తోట దున్నుకునే యంత్రం తయారు చేసుకున్నాడు. 1916లో దానికి పేటెంటు వచ్చింది. 1961లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్లు కబ్ కాడెట్ తెచ్చినారు, 7 హెచ్‌పీ కోలర్ ఇంజనుతో. 1963లో జాన్ డీర్ 110 వచ్చింది. ఆ బండ్లు అరవై ఏండ్ల తర్వాత కూడా తిరుగుతా ఉండాయంటే ఒక కారణం ఉంది. ఆ కోలర్ ఇంజను సిలిండరు పోత ఇనుముది. అరిగితే లేత్ షాపులో బోరింగు చేయించి, అంగుళంలో వెయ్యో వంతులు పది, ఇరవై, ముప్పై చొప్పున పెద్ద పిస్టను వేసుకోవచ్చు. అంటే తయారు చేసినవాడే మూడు తూర్లు బాగు చేసుకునే వీలు పెట్టి ఇచ్చినాడు. ఈ టిల్లరులో లైనరు విడిగా వస్తాది, అరిగితే తీసి కొత్తది వేస్తాము. దారి వేరు, బుద్ధి ఒకటే. యంత్రం కొనేటప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడగండి: అరిగే చోటు మార్చుకునే వీలుందా?

మనకు పెరళ్లు తక్కువ, తోపులు ఎక్కువ. బేనీషా, తోతాపురి, నీలం చెట్ల కొమ్మలు నేలకు ఆనుకుని ఉంటాయి, పెద్ద ట్రాక్టరు పోతే పిందెలన్నీ రాలిపోతాయి. ఆ కొమ్మల కింద దూరేది ఈ టిల్లరు, లేకపోతే దీని అన్న, మూడు సిలిండర్ల 18.5 హెచ్‌పీ శక్తి ట్రాక్టరు. మన గార్డెన్ ట్రాక్టర్లు ఇవే.

తుప్పు వదిలించే పద్ధతి ఒకటి చెప్తా, మీరు ఇక్కడే చేసి చూడొచ్చు. ప్లాస్టిక్ డ్రమ్ములో నీళ్లు, అందులో బట్టల సోడా. తుప్పు పట్టిన సామానును బ్యాటరీ చార్జరు మైనస్ తీగకు, ఒక పనికిరాని ఇనుప రేకును ప్లస్ తీగకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా ముంచండి. 12 వోల్టులు చాలు. రాత్రికి రాత్రి తుప్పు వదులై నల్లటి బురదగా రాలిపోతాది, మంచి ఇనుము తినదు. తీగలు తారుమారు చేస్తే మాత్రం మీ సామానే కరిగిపోతాది. ప్లస్ పక్క స్టీలు గిన్నెలు, స్టెయిన్‌లెస్ రేకులు అసలు వాడొద్దు, అందులోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తాది. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయట పెట్టండి, దగ్గర బీడీ కాల్చొద్దు. చిన్న సామాన్లకైతే మా అమ్మ చేసినట్టే, చింతపండు పులుసులో నానేసి రుద్దితే సరిపోతాది. కడిగి, తుడిచి, వెంటనే నూనె పూయండి, లేకుంటే గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది.

ఇంజనుకు డీజిలు కొట్టే పంపు దగ్గర మాత్రం చేయి అదుపులో పెట్టుకోండి. పంపు లోపల ముందుకూ వెనక్కీ ఆడే కడ్డీ ప్లంజరు, అది ఆడే గొట్టం బ్యారెలు, రెండూ ఒక జత. వాటి మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, మన తల వెంట్రుక డెబ్బై మైక్రాన్ల దాకా ఉంటాది. ఒక పంపు ప్లంజరు ఇంకొక పంపు బ్యారెలులో వేస్తే దూరొచ్చు గాని పని చేయదు. అందుకే రెండు పంపులు ఒకేసారి విప్పి ఒకే పళ్లెంలో కడగకూడదు. ఇంకొకటి, సిలిండరులోకి డీజిలు చల్లే నోజిలు సరిగ్గా చల్లుతోందా లేదా అని చేయి అడ్డం పెట్టి చూడొద్దు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మం చీల్చుకుని లోపలికి పోతాది. బయటికి చూస్తే సూది గుచ్చినంత గాయం, లోపల వేలే పోతాది. అట్లా జరిగితే నొప్పి లేకపోయినా అదే నిమిషం పెద్దాసుపత్రికి పోవాల.

బోల్టుల మీది మరలు, అంటే త్రెడ్ల సంగతి కూడా ఇక్కడే. జపాను బండ్లకు మిల్లీమీటరు మరలు. పాత ఇంగ్లీషు ట్రాక్టర్లకు, ఆ డిజైనుతో మన దేశంలో తయారైన పాతవాటికి అంగుళాల మరలు. రెండు మూడు చుట్లు చేత్తో తిరిగి ఆ తర్వాత బిగుసుకుంటే, అది సరైన బోల్టు కాదని బండి చెప్తా ఉందని అర్థం. ఈ టిల్లరు గేరుబాక్సులో ఎవరో అంగుళాల బోల్టును స్పానరుతో బలవంతంగా ఎక్కించినారు. ఆ రంధ్రంలో మరలన్నీ పోయినాయి. మళ్లీ డ్రిల్లు వేసి, లోపల కొత్త మరల చుట్ట పెట్టాల్సి వచ్చింది. రెండు రూపాయల బోల్టుకు రెండు రోజుల పని.

(ఒక విద్యార్థిని ప్రశ్న: సార్, ఇంత చేసి రంగు ఎందుకు వేయలేదు? చూడడానికి పాతదిలాగే ఉంది కదా.)

మంచి ప్రశ్న అడిగినావమ్మా. రంగుతో నాకు ఒక పాత బాధ ఉంది. ప్రతి ఏడూ ఆయుధ పూజకు మన రైతులు బండ్లు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ తొక్కించి, గుమ్మడికాయ కొడతారు. అది మన మర్యాద, ఉండాల్సిందే. అయితే పూజ ముందు రోజు ఒక డబ్బా రంగు తెచ్చి బండంతా పూసేస్తారు. ఇంజను గాలి పీల్చుకునే రంధ్రం మీద, గ్రీజు నిప్పళ్ల మీద, ఆయిలు గుర్తు కనబడే గాజు మీద, అన్నింటికంటే ముఖ్యం, నంబరు రేకు మీద. ఆ రేకు మీది నంబరు లేకపోతే ఏ సంవత్సరపు బండికి ఏ సామాను వస్తాదో చెప్పలేము. ఈ బండి రేకు మీద ఆరు పొరల రంగు ఉండింది. పెయింటు కడిగే తిన్నరుతో, పాత పళ్ల బ్రష్షుతో ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కొక్క పొరా తీసినా.

ఆ పొరలు తీస్తా ఉంటే కింద మొదటి రంగు, కంపెనీ వేసింది, కొన్ని చోట్ల బాగానే మిగిలి ఉంది. హ్యాండిలు మీద ఆ తాత చేతులు పట్టుకున్న చోట రంగు పోయి ఇనుము నున్నగా మెరుస్తా ఉంది. ఎడమ పక్క ఎక్కువ, కుడి పక్క తక్కువ. నేను మనవణ్ణి, అవ్వనూ వర్క్‌షాపుకు పిలిచి అడిగినా, ఏం చేద్దామని. అవ్వ ఆ చోటు మీద చేయి పెట్టి చూసి, "ఇట్లే ఉండనీ నాయనా" అనింది. అందుకని రంగు వేయలేదు. తుప్పు తీసినాక కాచిన అవిసె నూనె పలచగా పూసి తుడిచినాము, అంతే. ఆ నూనె గుడ్డలు ఉండ చుట్టి మూలకు పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట పరిచి ఎండబెట్టాల, లేదంటే నీళ్లలో ముంచాల.

అన్ని బండ్లకూ ఇదే చేయమని నేను చెప్పను. రేకు చిల్లులు పడి, లోపలికి నీళ్లు పోయేట్టు ఉంటే రంగు వేయాల్సిందే, ముందు రెడ్ ఆక్సైడు, దాని మీద మొదటి రంగే వెతికి వేయండి. ఇక కొన్ని బండ్లు బాగు చేయొద్దు కూడా. గేరుబాక్సు పెట్టెలో బేరింగు కూర్చునే చోటే పగిలి ఉంటే, రైతుకు నిజం చెప్పి, మంచి సామాన్లు విప్పి ఇంకొక బండికి ఇవ్వండి. పగులు ఇంకెక్కడైనా ఉంటే నికెలు రాడ్డుతో అతకొచ్చు, ముందు బాగా వేడి చేసి, అతికినాక వేడి బూడిదలో పూడ్చి ఒక రాత్రి మెల్లగా చల్లారనిస్తే. గాలికి వదిలేస్తే అతుకు పక్కనే మళ్లీ పగులుతాది.

ఖర్చు ఎంత అని అందరూ అడిగేదే, మీరూ అడుగుతారు. లైనరు, పిస్టను, రింగులు, ఒక పక్క క్లచ్, సీళ్లు, బెల్టులు కొనాల్సి వచ్చింది. బెల్టులు మార్చితే అన్నీ ఒకేసారి మార్చాల, పాతదాని పక్కన కొత్తది వేస్తే బరువంతా కొత్తదే మోసి తెగిపోతాది. ఒక బేరింగు మాత్రం రెండు తూర్లు కొన్నాము. మొదట కొన్నది ఒక కొట్టులో అసలుదని ఇచ్చినారు, డబ్బా కూడా అట్లే ఉంది, ఇరవై గంటలు తిరగకుండానే గోలీలు గీతలు పడినాయి. అప్పటి నుంచి బేరింగు మీద చెక్కిన అక్షరాలు భూతద్దంతో చూడకుండా కొనను. మిగతాదంతా ఆదివారాలే. నాలుగు నెలల ఆదివారాలు.

సరే, మాటలు చాలు. బండిని బయట చెట్టు కిందికి తోసుకుపోదాం. బెల్టులు విప్పి పెట్టినా, కాబట్టి ఇంజను తిరిగినా చక్రాలు తిరగవు, భయం లేదు. ఇద్దరు రండి. ఒకరు ఈ డికంప్రెషన్ లివరు, అంటే సిలిండరులో గాలి ఒత్తిడి వదిలేసే పిడి, ఎత్తి పట్టుకోవాల, ఇంకొకరు ఇంజను స్టార్టు చేసే హ్యాండిలు తిప్పాల. తిప్పేవాడు వినాల: బొటనవేలు హ్యాండిలు చుట్టూ మడవొద్దు, నాలుగు వేళ్ల పక్కనే పెట్టు. ఇంజను ఎదురు తిరిగితే హ్యాండిలు చేతిలోంచి జారిపోవాల, వేలు విరగకూడదు. ఫ్లైవీలు బాగా వేగం అందుకున్నాక నేను "వదులు" అంటా, అప్పుడు లివరు వదులు. ముందర ఎవరూ నిలబడొద్దు. రండి.